చిప్పులో మన ముఖం, కాగితంలో ఎవరి పేరు?



పోయిన వారం మా ఊరి తమ్ముడొకడు ఫోన్ చేశాడు. గల్ఫ్‌లో పనికి పోదామని పాస్‌పోర్టుకి పెట్టుకోవాలనుకుంటున్నాడు. "అక్కా, కొత్త పాస్‌పోర్టులో చిప్పు పెట్టారంట కదా. ఎక్కడ తిరిగినా పోలీసోళ్లకి తెలిసిపోద్దంట. తీసుకోవాలా వద్దా?" అన్నాడు. తీసుకోరా అని చెప్పాను. కానీ ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. మిగతా సగం మీ అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఈ అనుమానం వాడొక్కడిదే కాదు.

ముందు ఆ చిప్పు సంగతి. మన దేశంలో ఈ-పాస్‌పోర్టు 2024 ఏప్రిల్ నుంచి కొన్ని ఆఫీసుల్లో మొదలైంది, అందులో హైదరాబాద్ కూడా ఉంది. అట్ట మీద కింద చిన్న బంగారు రంగు గుర్తు ఉంటే అది ఈ-పాస్‌పోర్టు. పాతది ఉన్నవాళ్లు కంగారు పడక్కర్లేదు, గడువు తీరేదాకా చెల్లుతుంది. లోపల ఒక చిన్న చిప్పు, దాని చుట్టూ సన్నని యాంటెన్నా ఉంటాయి. బ్యాటరీ ఉండదు. ఎయిర్‌పోర్టులో రీడర్ దగ్గరికి తెస్తేనే ప్రాణం వస్తుంది, అదీ కొన్ని అంగుళాల దూరంలో. అది కూడా ముందు మన వివరాల పేజీ కింద ఉండే రెండు వరుసల అక్షరాలని మిషన్ చదివాకే తెరుచుకుంటుంది. కాబట్టి శాటిలైట్‌తో మనల్ని వెంటాడుతుందన్నది ఒట్టి మాట. జేబులో ఉన్న ఫోన్ మన తిరుగుడు గురించి చెప్పేదాంట్లో ఈ చిప్పు చెప్పేది వందో వంతు కూడా ఉండదు.

ఇది మన దేశం కనిపెట్టింది కూడా కాదు. మలేషియా 1998లోనే చిప్పు పాస్‌పోర్టు ఇచ్చింది. తర్వాత అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ అన్ని దేశాలకీ ఒకే కొలత పెట్టింది. దాని ప్రకారం చిప్పులో ముఖం ఫొటో తప్పనిసరి. వేలిముద్ర, కనుపాప ఏ దేశం ఇష్టం ఆ దేశానిది. ఆ సమాచారం మీద జారీ చేసిన ప్రభుత్వం డిజిటల్ సంతకం ఉంటుంది. ఎవరైనా ఫొటో మార్చినా, ఒక్క అంకె దిద్దినా ఆ సంతకం కుదరదు, మిషన్ పట్టేస్తుంది. దొంగ పాస్‌పోర్టులు చేసేవాళ్లకి ఇది నిజంగానే కష్టం. గల్ఫ్ ఏజెంట్ల చేతుల్లో మోసపోయిన కుటుంబాలని చూసినదాన్ని, దీన్ని చెడ్డదని నేను అనను.

అయితే ఇక్కడే ఆగి ఒక్క మాట ఆలోచించండి. ఆ సంతకం ఏం చెప్తోంది? ఆఫీసులో ఎక్కించింది ఎక్కించినట్టే ఉంది, ఎవరూ మార్చలేదు అని. అంతే. ఎక్కించింది నిజమా కాదా అన్నది చిప్పుకి తెలీదు. తప్పు పేరు ఎక్కితే తప్పు పేరు మీదే దేశం సంతకం పడుతుంది. మన గొడవంతా ఇక్కడుంది.

మీ ఊరి వాట్సాప్ గ్రూపులో జనవరి 1న ఎంతమందికి పుట్టినరోజు శుభాకాంక్షలు వస్తాయో చూశారా? మా గుంపులో అయితే సగం మంది ఆ రోజే పుట్టారు! మిగతా సగం జూన్‌లోనో జూలైలోనో బడి తెరిచే రోజుల్లో పుట్టారు. ఆశ్రమ పాఠశాలలో చేర్పించడానికి వెళ్తే సారు పిల్లాడి పళ్లు చూసి, ఎత్తు చూసి, ఒక తేదీ వేసేశాడు. మా అమ్మని అడిగితే నేను ఇప్పపువ్వు రాలే రోజుల్లో పుట్టానంటుంది. నా మెమోలో నేను వానాకాలంలో పుట్టాను.

ఇక ఇంటిపేర్లు. మడకం అనేది ఒక ఆఫీసులో మడకమ్, ఇంకో చోట మడ్కం, ఏరు దాటి ఛత్తీస్‌గఢ్ వైపు చుట్టాలింటికి పోతే మడకామి. కుంజా కుంజం అవుతుంది. సోడె సోడి అవుతుంది. మనకి అది ఒకే గోత్రం, ఒకే వేల్పు, పెళ్లికి పనికొస్తుందా రాదా అన్నది పేరు వినగానే తెలుస్తుంది. కంప్యూటర్‌కి మాత్రం అవి వేరువేరు మనుషులు. రాసింది మనం కాదు. మన మాట మన నోటితో పలికితే, ఎవరో వాళ్ల చెవికి వినిపించినట్టు టైపు చేశారు.

నా సంగతే చెప్తా. డిగ్రీ అయ్యాక బయటి దేశంలో ఆదివాసీ యువత సమావేశం ఒకటి ఉందంటే పాస్‌పోర్టుకి పెట్టుకున్నా. 1500 రూపాయల ఫీజు కట్టి, తేదీ తీసుకుని, ముందురోజు సాయంత్రమే ఊరి నుంచి బయల్దేరా. ఆటో, బస్సు, మళ్లీ రాత్రి బస్సు. మెమోలో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంది, ఆధార్‌లో వెనక పూర్తిగా ఉంది, అదీ ఒక అక్షరం తేడాతో. "రెండూ ఒక్కరేనని ఏంటి రుజువు?" అని అడిగారు. ఎదురుగా నేనే ఉన్నా! వెనక్కి పంపారు. ఆధార్ దిద్దించుకోడానికి ఒక ట్రిప్పు, దిద్దింది రాలేదని ఇంకో ట్రిప్పు, మళ్లీ పాస్‌పోర్టు ఆఫీసుకి ఇంకోటి. మా నాన్న రెండు మేకలమ్మిన డబ్బు దారిఖర్చులకే పోయింది.

తర్వాత పోలీస్ ఎంక్వైరీ. ఏజెన్సీలో పెరిగినవాళ్లకి ఆ మాట వింటేనే కడుపులో తిప్పుతుంది. వచ్చినాయన నా గురించి అడిగింది తక్కువ. మీ ఊరికి దళం వస్తుందా, ఎవరింట్లో తిన్నారు, పోయినేడాది మీటింగ్‌కి ఎవరు పిలిచారు, ఇవీ ప్రశ్నలు. పాస్‌పోర్టు అడిగింది నేను, సంజాయిషీ ఇచ్చుకుంది మా నాన్న. చివరికి పాస్‌పోర్టు వచ్చింది. సమావేశం అయిపోయిన నెలకి. ఇప్పటికీ అందులో ఒక్క ముద్ర కూడా పడలేదు.

ఇది నా ఒక్కదాని కష్టమని రాయట్లేదు. నేను చదువుకున్నదాన్ని, ఇంగ్లీషులో అడగగలను, మూడుసార్లు తిరగడానికి ఇంట్లో మేకలున్నాయి. 2005 తర్వాత సల్వాజుడుం మంటల్లోంచి పారిపోయి మన అడవుల్లోకి వచ్చిన గుత్తికోయ కుటుంబాల సంగతేంటి? అక్కడ ఎస్టీ, ఇక్కడ ఆ గుర్తింపు కూడా లేదు. ఊరే కాలిపోయినవాళ్లని పుట్టిన ఊరి కాగితం తెమ్మంటే ఎక్కణ్నుంచి తెస్తారు?

ఇప్పుడు వేళ్ల సంగతి. పాస్‌పోర్టు సేవా కేంద్రంలో ఫొటోతోపాటు వేలిముద్రలు తీసుకుంటారు. షెంజెన్ వీసాకి పది వేళ్లూ ఇవ్వాలి, ఐదేళ్లు వాళ్ల దగ్గర ఉంటాయి. అమెరికా 2004 నుంచే విమానం దిగినవాళ్ల ముద్రలు తీసుకుంటోంది. గల్ఫ్ దేశాల్లోనూ వేళ్లూ కళ్లూ ఇవ్వకుండా బయటికి రాలేం. అంటే ఇకమీద ప్రయాణం చేయాలంటే మన ఒళ్లే మన టికెట్టు.

మా అమ్మమ్మ వేళ్లు చూస్తే మీకు అర్థమవుతుంది. నలభై ఏళ్లు తునికాకు కోసి కట్టలు కట్టింది, చింతపండు గింజ తీసింది, పోడులో కలుపు పీకింది, బూడిదతో గిన్నెలు తోమింది. బొటనవేలు గులకరాయిలా నున్నగా ఉంటుంది. రేషన్ షాపు మిషన్ ఆమెని ఎన్నిసార్లు కాదందో లెక్కలేదు. ఒక వేలు, రెండో వేలు, తడి గుడ్డతో తుడుచుకుని మళ్లీ బొటనవేలు, "రేపు రా అవ్వా." కూలి పోయింది, బియ్యం రాలేదు. అయినా ఇంటికొచ్చి ఆమె అనేది ఏంటో తెలుసా? "నా వేలే బాలేదు." మిషన్ బాలేదని ఒక్కసారి కూడా అనలేదు.

ఇది మనం సరిగ్గా పట్టుకోవాల్సిన చోటు. మిషన్‌కి అవును, కాదు అని ఏమీ తెలీదు. రెండు ముద్రలకి, లేదా రెండు ముఖాలకి ఎంత పోలిక ఉందో ఒక అంకె మాత్రం వస్తుంది. ఆ అంకె ఎంత దాటితే గేటు తెరవాలన్నది మనుషులు ముందే పెడతారు. గీత పైకి జరిపితే దొంగలు తగ్గుతారు, కానీ అసలైనవాళ్లు కూడా ఆగిపోతారు. కిందికి జరిపితే అసలైనవాళ్లందరూ పోతారు, వాళ్లతోపాటు ఇంకొకరి పేరుతో వచ్చినవాళ్లూ పోతారు. ఏ తప్పూ చేయని మిషన్ అంటూ లేదు. కాబట్టి అడగాల్సింది, ఆ తప్పు ఎవరి నెత్తిన పడుతోందని.

దానికి ఒక లెక్క ఉంది. అమెరికా ప్రభుత్వ సంస్థే అయిన ఎన్ఐఎస్‌టీ 2019 డిసెంబర్‌లో 189 ముఖ గుర్తింపు ప్రోగ్రాములని పరీక్షించి రిపోర్టు ఇచ్చింది. అక్కడి పోలీసు ఫొటోలతో చూసినప్పుడు, ఒకరిని చూసి ఇంకొకరనుకునే తప్పు అందరికంటే ఎక్కువగా జరిగింది ఎవరి ముఖాల మీదనుకుంటున్నారు? ఆ నేల మొదటి మనుషులైన అమెరికన్ ఇండియన్ల ముఖాల మీద. ఆ దేశపు ఆదివాసీలు. మన ముఖాల మీద అలాంటి పరీక్ష పెట్టి, ఫలితం మన ముందు పెట్టమని అడగడంలో తప్పేముంది?

పెద్దవాళ్లు వేలు పెట్టడానికి జంకితే కొంతమంది మనవాళ్లే నవ్వుతారు, చదువులేనోళ్లు భయపడుతున్నారని. ఆ భయానికి చరిత్ర ఉంది. వేలిముద్ర అనేది మన దేశంలోనే, తెల్లోళ్ల పాలనలోనే పాలనా పనిముట్టుగా తయారైంది. 1858లో బెంగాల్‌లో హెర్షెల్ అనే అధికారి ఒక కాంట్రాక్టరు మాట తప్పకుండా అతని అరచేతి ముద్ర కాగితం మీద వేయించుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ముద్రలని వరుసలో పెట్టి వెతికే లెక్కకి అసలు పని చేసింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మన దేశస్థులు. పేరు మాత్రం పై అధికారి హెన్రీకి వచ్చింది.

తర్వాత 1911 నేరస్థ తెగల చట్టం. ఉత్తరాన 1871 నుంచే ఉన్న చట్టం ఇది, 1911లో మద్రాస్ రాష్ట్రానికీ వచ్చింది. మన ఎరుకల అన్నదమ్ములని పుట్టుకతోనే నేరస్థులని రాసేశారు. రిజిస్టర్‌లో పేరున్న ఎవరి వేలిముద్రైనా ఎప్పుడైనా తీసుకునే అధికారం పోలీసుకిచ్చారు. హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చేతిలో పాస్ ఉండాలి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పెట్టిన సెటిల్‌మెంటే. 1952 ఆగస్టు 31న ఆ ముద్ర తీసేశారని చట్టం అంటుంది, కానీ ఆ ఊరి పేరు చెప్తే బస్సులో పక్కవాళ్లు సంచి దగ్గరికి లాక్కునే రోజులు ఎంత కాలం సాగాయో అక్కడివాళ్లని అడగండి. ఒక జాతి మొత్తానికి వేలిముద్ర, దాంతోపాటు ప్రయాణానికి పాస్. ఇవి రెండూ కలిసి మన దగ్గరికి మొదట వచ్చింది ఎయిర్‌పోర్టు దారిలో కాదు, పోలీస్ స్టేషన్ దారిలో.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది సముద్రం అవతలిది. అమెరికా, కెనడా సరిహద్దుకి రెండువైపులా ఉండే ఆరు జాతుల కూటమి హోడెనోషోనీ. బయటివాళ్లు ఇరాక్వాయ్ అంటారు. సరిహద్దు వాళ్ల నేల మీద గీసిన గీత, వాళ్లు గీసుకున్నది కాదు. వాళ్లకి సొంత పాస్‌పోర్టు ఉంది. 1923లోనే వాళ్ల పెద్ద డెస్కాహే తమ జాతి పాస్‌పోర్టుతో జెనీవాకి పోయి నానాజాతి సమితి తలుపు తట్టాడు. లక్రాస్ అనే ఆట పుట్టింది వాళ్లలోనే. 2010 జూలైలో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఆ ఆటకి ప్రపంచ పోటీలు జరిగాయి. వాళ్ల జట్టు న్యూయార్క్ దాకా వచ్చి ఆగిపోయింది. ఆ పాస్‌పోర్టుల్లో కొత్త భద్రతా హంగులు లేవన్నారు, అమెరికా పాస్‌పోర్టు తీసుకోండి చాలన్నారు. ఆటగాళ్లు ఒప్పుకోలేదు. చివరికి హిల్లరీ క్లింటన్ ఈ ఒక్కసారికి తిరిగి రానిస్తామని చెప్పినా, బ్రిటన్ వీసా ఇవ్వలేదు. ఆట కనిపెట్టినవాళ్లు లేకుండానే ఆ ఆట ప్రపంచ పోటీలు జరిగిపోయాయి.

మనకీ సొంత పాస్‌పోర్టు కావాలని ఇది చెప్పట్లేదు. మన దారి వేరు, మన రాజ్యాంగం వేరు, పోరాటం వేరు. కానీ చూడండి, అక్కడ ఎవరూ "మీరు ఆదివాసీలు, రావద్దు" అనలేదు. "మీ కాగితం మిషన్‌కి సరిపోదు" అన్నారు. తలుపు మూయడానికి ఈ కాలంలో వాడే మాట ఇది. కోపంగా ఉండదు, మర్యాదగా ఉంటుంది, ఎవరి తప్పూ కానట్టు ఉంటుంది. ఆధార్ సెంటర్‌లో, రేషన్ షాపులో, పాస్‌పోర్టు కౌంటర్ దగ్గర మనం వినేది ఇదే మాట. సర్వర్ ఒప్పుకోవట్లేదమ్మా.

మరి ఏం చేయాలి అంటారా? చిప్పు వద్దని ధర్నా చేయడం నా ఉద్దేశంలో దండగ. బయటి దేశం పోవడం కూడా మన స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది, 1978 మేనకా గాంధీ కేసులో దాన్ని ఇంకా గట్టి చేసింది. ఆ హక్కు మనదీ. అడగాల్సింది ఏంటంటే, మిషన్ కాదన్నప్పుడు మనిషి చూడాలి. ఎందుకు కాదన్నారో కాగితం మీద రాసివ్వాలి, నోటిమాటగా "మళ్లీ రండి" అంటే కుదరదు. ఇదేదో గొంతెమ్మ కోరిక అనుకోకండి. యూరప్ పాస్‌పోర్టు నిబంధనల్లో వేలిముద్ర తీసుకోవడం శారీరకంగా సాధ్యం కానివాళ్లకి మినహాయింపు రాసే ఉంది. అక్కడి ముసలమ్మకి ఉన్న వెసులుబాటు తునికాకు కోసిన వేళ్లకి ఎందుకుండదు?

పేరు తేడాల విషయంలో ఐటీడీఏ పూచీ తీసుకోవాలి. మన ఇంటిపేర్లు ఎన్ని రకాలుగా పలుకుతారో, రాస్తారో వాళ్లకంటే ఎవరికి తెలుసు? ఈ పేరూ ఆ పేరూ ఒక్కటే అని ఐటీడీఏ ఇచ్చిన పత్రాన్ని పాస్‌పోర్టు ఆఫీసు ఒప్పుకోవాలి. ఏజెన్సీ మండలాల్లోనే నెలకోసారి క్యాంపు పెట్టాలి. ఇక మన డేటా సంగతి. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది కానీ, ప్రభుత్వం తనకి తాను పెట్టుకున్న మినహాయింపులు అందులో చాలానే ఉన్నాయి. కంపెనీ మన ముఖం దుర్వినియోగం చేస్తే అడగొచ్చు, ప్రభుత్వమే చేస్తే అడగడం కష్టం. ఏజెన్సీలో మన ముఖాలు ఎవరి ఫైళ్లలో ఎందుకు ఉంటాయో మనకి తెలుసు కాబట్టి ఈ ముక్క మనమే గట్టిగా మాట్లాడాలి.

చిన్న సంగతి ఒకటి, ఎయిర్‌పోర్టుకి మొదటిసారి పోయేవాళ్లకి. డిజియాత్ర అని ముఖం చూపించి లోపలికి పోయే గేటు ఉంటుంది. అది తప్పనిసరి కాదు. పక్కనే మామూలు లైను ఉంటుంది, టికెట్టు, గుర్తింపు కార్డు చూపించి పోవచ్చు. ఎవరైనా యాప్ వేసుకోమని ఫోన్ చేతిలోంచి తీసుకుంటే ఇవ్వకండి.

చివరగా, అందరికంటే తొందరగా చేయాల్సిన పని. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకి పాస్‌పోర్టు కావాలంటే పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రం ఒక్కటే రుజువు. 2025లో పాస్‌పోర్టు నిబంధనలు అలా మార్చారు. మనలాగా బడి సర్టిఫికెట్‌తో గట్టెక్కే దారి వాళ్లకి లేదు. పాస్‌పోర్టుకే కాదు, బడికి, ఓటుకి, ఉద్యోగానికి కూడా ఆ పత్రమే ఆధారమని జనన మరణాల చట్టం మార్చేశారు. పుట్టిన 21 రోజుల్లోపు చెప్తే ఉచితం. నెల దాటితే అనుమతులు, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు. అంబులెన్స్ రాని గూడెంలో, వాగు పొంగిన రాత్రి ఇంట్లోనే పుట్టే బిడ్డకి ఈ 21 రోజులు ఎంత తొందరగా గడిచిపోతాయో మీకు తెలుసు. మీ గుంపులో అలాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారో ఈ ఆదివారం ఇల్లిల్లూ తిరిగి రాసుకోండి. ఆశా అక్క దగ్గర లెక్క ఉంటుంది, అంగన్‌వాడీ టీచర్ దగ్గర ఉంటుంది. తల్లిదండ్రుల పేర్లు వాళ్ల ఆధార్‌లో ఎలా ఉన్నాయో చూసి, ఒకే తీరుగా రాసుకుని పోండి.

మా అక్కకి పాప పుట్టి ఇవాళ్టికి పదిహేడు రోజులు. ఇంట్లోనే పుట్టింది. రేపు పొద్దున్నే పంచాయతీ సెక్రటరీ దగ్గరికి నేనే పోతున్నా. ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ ఒక కాగితం మీద తెలుగులో, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకున్నా. ఆయన టైపు చేసేటప్పుడు పక్కనే నిలబడతా.